ముప్పయ్యేళ్ల రాక్ షౌఖ్

మొన్నొక సాయంత్రం ఫోన్‌లో ఒక పాట కోసం వెతుకుతున్నాను. పేరు కనిపిస్తోంది గానీ అక్షరాలు బూడిద రంగులోకి మారిపోయాయి. నొక్కితే పలకదు. పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న మా బిడ్డ తొంగి చూసి, "పప్పా, ఆ పాట యాడికి పోయింది?" అనడిగింది.

"పాట యాడికీ పోలేదు బేటీ. దాని రస్తా మూసేసినారు" అన్నాను.

"ఎవురు? ఎందుకు?"

ఒక్క మాటలో చెప్పే జవాబు కాదది. ఆ పూటకి ఏదో చెప్పి దాటేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ప్రశ్న నన్ను దాటనివ్వలేదు. దానికి జవాబు చెప్పాలంటే నా ముప్పయ్యేళ్ల షౌఖ్ ఖిస్సా మొత్తం విప్పాలి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా. అందుకే దోస్తులారా, ఈసారి తేదీలతో సహా ఒక తారీఖ్ చెప్తా. రాక్ సంగీతం తారీఖ్. లండన్‌దో న్యూయార్క్‌దో కాదు, కడపలో కూర్చుని నేను విన్న రాక్‌ది.

ఎవరి గొంతు కోస్తున్నారు?

అబ్బాకి వాచీల రిపేరు దుకాణం ఉండేది. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆవగింజంత స్క్రూలు ఏరుతూ కూర్చునేవాడు. టేప్ రికార్డర్లు కూడా బాగుచేసేవాడు. దుకాణంలో పొద్దున మెహదీ హసన్, మధ్యాహ్నం అజీజ్ నాజాఁ ఖవ్వాలీలు. ఉరుసు వచ్చిందంటే అమీన్ పీర్ దర్గాలో రాత్రంతా ఖవ్వాలీ. నన్నూ తీసుకుపోయేవాడు. తెల్లవారుజామున అబ్బా ఒళ్లో నిద్ర, చెవుల్లో చప్పట్లు. నా మొదటి సంగీతం అది. అయితే అది నాది అని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. కొన్నాళ్లకి మా మొహల్లాలోకీ కేబుల్ వైరు వచ్చింది. మా ఇంటికి కాదు, పక్కింటికి. ఆ ఇంటి కిటికీ దగ్గర నిలబడి చూసినవే నేను చూసిన మొదటి ఎంటీవీ పాటలు. చర్చి బయట దుమ్ములో నిలబడి గిటార్ వాయిస్తున్న జులపాల మనిషి ఒకడు ఈరోజుకీ కళ్ల ముందు ఉన్నాడు. గన్స్ ఎన్ రోజెస్ 'నవంబర్ రెయిన్' అది, 1992. నాకప్పుడు పన్నెండేళ్లు.

నేను చదివింది ఉర్దూ మీడియం. ఇంగ్లీషు మాకు దూరపు చుట్టం లాంటిది, ఎప్పుడో పరీక్షలప్పుడు వచ్చి పోయేది. కాబట్టి ఆ పాటల్లో వాళ్లు ఏమంటున్నారో ఒక్క ముక్క తెలిసేది కాదు. అర్థమయ్యింది గిటార్ ఒక్కటే. కోపం, గమ్, ఆ వయసులో మనసులో తిరిగే పేరు తెలియని తిక్కలన్నీ ఆ ఆవాజ్‌లో ఉన్నట్టనిపించేవి. లఫ్జ్ తెలియకపోవడం వల్లే ఎక్కువ విన్నానేమో కూడా.

నాకొక దోస్త్ ఉన్నాడు. రెడ్ల పిల్లోడు, కాన్వెంటు చదువు. వాళ్లన్న బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి సంచీ నిండా క్యాసెట్లు తెచ్చేవాడు. నిర్వాణా, మెటాలికా, ఐరన్ మైడెన్, లెడ్ జెప్పెలిన్. రెండు డెక్కుల టేప్ రికార్డర్లో ఒకదాన్నుంచి ఇంకో ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాళ్లం. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. నా దగ్గరికి చేరేసరికి పాటతో పాటు వాన పడుతున్నట్టు సుయ్‌మని శబ్దం. చాలా ఏళ్లు ఆ సుయ్ కూడా రాక్‌లో భాగమే అనుకున్నా.

లెడ్ జెప్పెలిన్‌కి 'కశ్మీర్' అనే పాట ఉంది, 1975 నాటిది. పేరు చూసి మన కశ్మీర్ మీదే రాశారని ఇద్దరం మురిసిపోయాం. ఆ పాట పుట్టింది మొరాకో ఎడారి రోడ్డు మీద అని, వాళ్లు అప్పటికి కశ్మీర్ చూడనేలేదని చాలా ఏళ్ల తర్వాత చదివా. ఒక చోటి పేరు పెట్టుకుని ఇంకో చోట పుట్టి, మూడో చోటి కుర్రాళ్లకి సొంతమైన పాట. పాటలకి అలాంటి తిరుగుడు మామూలే.

అబ్బాకి మాత్రం ఈ గోల సుతరామూ నచ్చేది కాదు. గదిలో క్యాసెట్ పెడితే చాలు బయటి నుంచే అరిచేవాడు, "క్యా రే, అందర్ కిస్కా గలా కాట్‌రైఁ?" అని. లోపల ఎవరి గొంతు కోస్తున్నార్రా అని! నేను సౌండు తగ్గించేవాణ్ణి. ఆయన అటు పోగానే పెంచేవాణ్ణి. మా ఇంట్లో రాక్ విప్లవం అంతే.

గిటార్ ఉర్దూ మాట్లాడిన సంవత్సరం

1997. నాకు పదిహేడు. చానల్ వీలో ఒక పాట వచ్చింది. 'సయోనీ'. గిటార్ నేను ఎరిగిన గిటారే. కానీ పాడుతున్నది మా ఇంటి భాష. దాని కింద మోగుతున్నది డ్రమ్స్ ఒక్కటే కాదు, తబలా. నేను లేచి నిలబడ్డా. నిజంగానే నిలబడ్డా. జులపాలు, గిటార్, కేక... ఇవన్నీ తెల్లవాళ్ల ఆస్తి అనుకుంటూ ఐదేళ్లు బతికిన పిల్లోడికి ఎవరో వచ్చి "ఇది నీది కూడా" అన్నట్టుగా ఉంది.

ఆ బ్యాండ్ పేరు జునూన్. పాకిస్తాన్‌ది. గొంతు అలీ అజ్మత్‌ది. బేస్ గిటార్ బ్రయాన్ ఓకానెల్ అనే అమెరికా మనిషిది. బ్యాండ్ పెట్టింది గిటారిస్టు సల్మాన్ అహ్మద్. ఆయన కథ తెలుసుకున్నాక నా కథ చాలా చిన్నదనిపించింది. లాహోర్‌లో పుట్టి, పిల్లాడిగా ఉన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ పక్కనున్న టాపన్ అనే ఊరికి వెళ్లాడు. 1977లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లెడ్ జెప్పెలిన్ని చూసి గిటార్ పిచ్చోడయ్యాడు. తర్వాత ఇంట్లోవాళ్లు డాక్టర్ చదువుకి లాహోర్ పంపారు. అది జియా ఉల్ హక్ హుకూమత్ కాలం. కాలేజీ కుర్రాళ్ల జల్సాలో గిటార్ వాయిస్తుంటే, దీన్ పేరు చెప్పుకున్న కొందరు విద్యార్థులు వచ్చి ఆ గిటార్ని పగలగొట్టారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథ 'రాక్ అండ్ రోల్ జిహాద్'లో రాసుకున్నాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. జియా 1977లో గద్దె ఎక్కి 1988 ఆగస్టు 17న విమాన ప్రమాదంలో పోయేదాకా, కుర్రాళ్ల సంగీతాన్ని అక్కడి సర్కారీ టీవీ అనుమానంగానే చూసింది. అయినా పాట ఆగిందా? 1980లో 'ఖుర్బానీ' సినిమాకి పాడి మన దేశాన్ని ఊపేసిన నాజియా హసన్ కరాచీ అమ్మాయే. 1987లో రావల్పిండి, ఇస్లామాబాద్ కుర్రాళ్లు నలుగురు వైటల్ సైన్స్ అనే బ్యాండ్ తరఫున 'దిల్ దిల్ పాకిస్తాన్' పాడారు. దేశభక్తి పాట కాబట్టి టీవీ కాదనలేకపోయింది. ఆ చాటున జీన్స్ ప్యాంట్లూ గిటార్లూ లోపలికి వచ్చేశాయి. దాంట్లో పాడిన అబ్బాయి జునైద్ జమ్‌షేద్. కీబోర్డు వాయించింది రొహైల్ హయాత్. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి. సల్మాన్ అహ్మద్ కూడా కొన్నాళ్లు ఆ బ్యాండ్‌లోనే ఉండి, 1990లో బయటికొచ్చి జునూన్ పెట్టాడు.

'సయోనీ' ఉన్న ఆల్బమ్ పేరు 'ఆజాదీ'. కడపలో దొరకలేదు. దోస్త్ వాళ్లన్న బెంగళూరు నుంచి తెచ్చిపెట్టాడు. కాపీ కాదు, అసలు క్యాసెట్. నా జిందగీలో డబ్బు పెట్టి కొన్న మొదటి అసలు క్యాసెట్ అదే. దాంట్లో 'ఖుదీ' అని ఒక పాట ఉంది. వినంగానే ఒళ్లు జలదరించింది. ఇక్బాల్ షాయిరీ! మా బళ్లో ఉస్తాద్ బెత్తం పట్టుకుని కంఠతా పట్టించిన ఇక్బాల్. తప్పు చదివితే అరచేతులు వాచిపోయేవి. అదే షాయిరీని ఒకడు ఎలక్ట్రిక్ గిటార్ మీద కేకేసి పాడుతున్నాడు. బళ్లో బరువనిపించిన మాటలు రెక్కలొచ్చి ఎగిరాయి. ఉర్దూ మీడియం అని నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ పడే నేను, ఆ వారం కాన్వెంటు దోస్తులకి కూర్చోబెట్టి మతలబు చెప్పా. మొదటిసారి నా చదువు పనికొచ్చింది.

అసలు సంగతి ఇంకోటి జరిగింది. ఒకరోజు క్యాసెట్ పెట్టుకుని ఉంటే అబ్బా గుమ్మంలో నిలబడ్డాడు. ఇక గొంతు కోసే మాట వస్తుందని సౌండు తగ్గించబోయా. "ఠైర్ జా" అన్నాడు. ఆగమని. కాసేపు విని, "తబలా ఎవుర్రా?" అన్నాడు. క్యాసెట్ అట్ట తీసి చూసి చెప్పా, ఉస్తాద్ ఆషిఖ్ అలీ మీర్. "చెయ్యి బాగుంది" అని వెళ్లిపోయాడు. మా ఇద్దరి మధ్య రాక్ గురించి సులహ్ కుదిరింది ఆ తబలా మీదే.

అదే సంవత్సరం ఆగస్టు 16న లండన్‌లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ పోయారు. నలభై ఎనిమిదేళ్లే. అబ్బా ఆరోజు దుకాణం పెందరాళే కట్టేశాడు. ఆ నెలలోనే వచ్చిన ఏ.ఆర్. రహమాన్ 'వందేమాతరం' ఆల్బమ్‌లో నుస్రత్ గొంతు ఉంది. మా కడప దర్గాకి వచ్చిపోయే రహమానే. నుస్రత్‌ని 1985లో ఇంగ్లండ్‌లోని వోమాడ్ జల్సాకి రప్పించి తెల్లవాళ్ల ముందు పాడించింది రాక్ మనిషి పీటర్ గాబ్రియేల్. 1995 'డెడ్ మ్యాన్ వాకింగ్' సినిమాకి పెర్ల్ జామ్ బ్యాండ్ ఎడ్డీ వెడ్డర్ ఆయనతో కలిసి పాడాడు. పెర్ల్ జామ్ నా గది గోడ మీద ఉంది, నుస్రత్ అబ్బా దుకాణంలో ఉన్నాడు. వాళ్లిద్దరూ కలుసుకున్నారు గానీ మా తండ్రీకొడుకులకి తెలియలేదు.

దాచిపెట్టిన క్యాసెట్

1998 మే 11, 13 తేదీల్లో మనవాళ్లు పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశారు. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్తాన్ వాళ్లు చేశారు. రెండు వైపులా మిఠాయిలు పంచుకున్నారు. జునూన్ ఆ సంవత్సరమే మన దేశంలో కచేరీలు చేసింది. బాంబుల సంబరాన్ని వాళ్లు తప్పుపట్టారు. దాంతో వాళ్ల దేశపు సర్కారీ టీవీ, రేడియో వాళ్ల పాటలకి తలుపులు మూసేశాయి. వాళ్లకిది కొత్త కాదు. 1996లో అవినీతి మీద తీసిన 'ఎహ్తెసాబ్' వీడియోని కూడా నిలిపేశారు. దాంట్లో పెద్ద హోటల్లో కూర్చుని భోంచేస్తున్న పోలో గుర్రాన్ని చూపించారు మరి.

అప్పుడు నేను డిగ్రీలో చేరాను. స్పెషల్ తెలుగు. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు ఎందుకురా అని అందరూ అడిగారు. పెద్దన, వేమన నాకు అక్కడే పరిచయమయ్యారు. ఆ కథ ఇంకోసారి. 1999 మేలో కార్గిల్ యుద్ధం మొదలైంది. ఒకరోజు క్లాసులో నా పుస్తకాల మధ్య నుంచి 'ఆజాదీ' క్యాసెట్ జారి కింద పడింది. వెనక బెంచీ వాడొకడు తీసి చూసి, "పాకిస్తాన్ పాటలా? ఇప్పుడు కూడానా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అన్నాడు. అందరూ నా మొహంలోకి చూశారు. నేను నవ్వి, "నాది కాదులే, ఎవుర్దో" అన్నా.

నాది కాదు అన్నా. ఆ మాట ఈరోజుకీ గొంతులో ఉంది.

అదే క్యాసెట్ నా రెడ్డి దోస్త్ దగ్గర కూడా ఉంది. వాణ్ణి ఎవరూ అడగలేదు. వాడు వింటే షౌఖ్, నేను వింటే షక్. ఇంటికొచ్చి క్యాసెట్‌ని అమ్మీ పాత చీరల ట్రంకు పెట్టెలో అడుగున దాచా. ఆ సంవత్సరమే జునూన్ 'పర్వాజ్' ఆల్బమ్ తెచ్చింది. లండన్‌లో బీటిల్స్ పాడిన అబే రోడ్ స్టూడియోలో, పద్దెనిమిదో శతాబ్దపు పంజాబీ సూఫీ బుల్లే షా కవిత్వంతో. దాన్ని నేను కొనలేదు. మూడేళ్ల తర్వాత విన్నా. యుద్ధాలు పాటల్ని ఆపకపోయినా ఆలస్యం చేస్తాయి.

ఆ మూడేళ్లు ఏం విన్నానంటే, ఇండియన్ ఓషన్. ఢిల్లీ బ్యాండ్. 2000లో వచ్చిన వాళ్ల 'కందిసా'లో అదే పేరున్న పాట కేరళ సిరియన్ క్రైస్తవుల పాత అరామిక్ ప్రార్థన. దాన్ని నలుగురు దోస్తులు కూర్చుని పాడుకున్నట్టు పాడారు. భయపడి సరిహద్దు ఇవతలికి వచ్చినవాడికి ఇవతల కూడా ఖజానా దొరికింది. అయితే భయంతో మారిన అలవాటు అది, దాన్ని అభిరుచి అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

నూటయాభై పాటల డిస్కు

2001లో డిగ్రీ అయిపోయి పత్రికలో స్ట్రింగర్‌గా చేరా. అప్పటికి ఎంపీత్రీ సీడీలు వచ్చేశాయి. ఒక్క డిస్కులో నూటయాభై పాటలు, ముప్పై రూపాయలు. క్యాసెట్ అయితే ఎ వైపు అయిపోతే తిప్పి బి వైపు పెట్టాలి. నచ్చని పాట కూడా ఓపిగ్గా వినాలి. అలా విన్న చాలా పాటలే తర్వాత జాన్ అయ్యాయి. డిస్కు వచ్చాక ఓపిక పోయింది. నచ్చకపోతే బటన్ నొక్కుడే. అట్టలు పోయాయి, పేర్లు పోయాయి. తబలా ఎవరిదని అబ్బా మళ్లీ అడిగి ఉంటే నేను చెప్పలేకపోయేవాణ్ణి.

ఆ కాలంలోనే రెండు దేశాల మధ్య కొంచెం గాలి తిరిగింది. స్ట్రింగ్స్, ఫ్యూజన్, జల్, నూరీ... ఒకదాని వెనక ఒకటి పాకిస్తాన్ బ్యాండ్లు వచ్చాయి. 2005లో ఆతిఫ్ అస్లం 'ఆదత్' హిందీ సినిమా 'కల్‌యుగ్'లోకి వచ్చింది. ఫ్యూజన్‌లో పాడిన షఫ్ఖత్ అమానత్ అలీ 2006లో 'కభీ అల్విదా నా కెహనా'లో పాడాడు. కడప బస్టాండులో చాయ్ హోటల్ వాడు కూడా ఆ పాటలే వేసేవాడు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ట్రంకు పెట్టెలోంచి క్యాసెట్ బయటికి వచ్చింది.

ఇక 2007 మార్చి 17 శనివారం. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మైడెన్ కచేరీ. రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సులో నేనూ నా దోస్తూ. పదిహేనేళ్లు కాపీ క్యాసెట్ల వానచప్పుడు మధ్య విన్న ఆవాజ్‌ని ఎదురుగా నిలబడి విన్నాం. పక్కన వేలమంది నల్ల బనియన్ల కుర్రాళ్లు. మణిపూర్ వాళ్లు, నాగాలాండ్ వాళ్లు, మలయాళీలు. ఆ గుంపులో నా పేరేమిటో, మజహబ్ ఏమిటో ఎవరికీ అక్కర్లేదు. గొంతు పోయేదాకా అరిచా.

అదే రాత్రి వెస్టిండీస్‌లో వరల్డ్ కప్ మ్యాచులు. మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో ఓడారు, పాకిస్తాన్ వాళ్లు ఐర్లండ్ చేతిలో ఓడారు. తెల్లారి బస్సులో ఆ ఖబర్ విని నా దోస్త్ నవ్వాడు: "ఒరే, రెండు దేశాలు కలిసి ఏడ్చే రాత్రి మనం కచేరీకి పోయినాం చూడు!"

అబ్బా చివరి పాటలు

కచేరీ అయ్యాక ఒక వింత జరిగింది. ఐరన్ మైడెన్ వినడం తగ్గిపోయింది. ఇరవై ఏడేళ్లు వచ్చాయి, నికాహ్ అయ్యింది, రాత్రి డ్యూటీ. ఇంటికొచ్చేసరికి చెవులకి చప్పుడు పడేది కాదు. నేను రాక్‌కి దూరమవుతున్నా అనుకున్నా.

2008లో పాకిస్తాన్‌లో కోక్ స్టూడియో మొదలైంది. దాన్ని నడిపినవాడు రొహైల్ హయాత్. పైన గుర్తుపెట్టుకోమన్న మొదటి మనిషి. 1987లో జీన్స్ ప్యాంటుతో టీవీలోకి వచ్చిన కుర్రాడు, ఇరవై ఏళ్ల తర్వాత జానపద గాయకుల్నీ, ఖవ్వాల్‌లనీ, రాక్ గిటారిస్టుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. 2010లో మూడో సీజన్. అందులో ఆబిదా పర్వీన్ పాడింది. మా ఇంటికి అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. యూట్యూబ్‌లో పాట నిమిషం ఆడి, నిమిషం ఆగి, మళ్లీ ఆడేది. అబ్బా అప్పటికే దుకాణం మానేశాడు. చేతులు వణికేవి, చూపు తగ్గింది. హెడ్‌సెట్ చెవులకి పెట్టి ఆబిదాని వినిపించా.

పాట ఆగినప్పుడల్లా "క్యా హువా?" అని కళ్లు తెరిచేవాడు. మొదలవగానే మళ్లీ మూసేవాడు. అయిపోయాక హెడ్‌సెట్ తీసి, "గిటార్ వెనకాల ఉండాల్సిన చోట ఉంది" అన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు: "నువ్వు చిన్నప్పుడు దర్గాలో నా ఒళ్లో నిద్రపోయి విన్నావే, అదేరా ఇది."

అప్పుడు అర్థమైంది. ఖవ్వాలీలో ఒక గొంతు ముందు నడుస్తుంది, వెనక గుంపు అందుకుంటుంది, చప్పట్లు నడక పెంచుతాయి, ఒకే మిస్రా తిరిగి తిరిగి వచ్చి వేడెక్కుతుంది. పదమూడో శతాబ్దంలో పుట్టిన అమీర్ ఖుస్రో పేరు చెప్పుకునే సంప్రదాయం అది. నన్ను పన్నెండేళ్లప్పుడు కిటికీ దగ్గర నిలబెట్టిన గిటార్ చేసిందీ అదే పని. ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయించి మనిషిని ఎక్కడికో ఎత్తడం. నేను రాక్‌కి దూరం కాలేదు. చాలా ఊళ్లు తిరిగి మా దర్గా గుమ్మానికే వచ్చి చేరాను. 2012లో అబ్బా అల్లాకి ప్యారే అయ్యాడు. ఆ రెండేళ్లు మేమిద్దరం కలిసి విన్నంత సంగీతం అంతకుముందు ఇరవై ఏళ్లలో వినలేదు.

గాయకుడా, మౌలానానా?

గుర్తుపెట్టుకోమన్న రెండో పేరు జునైద్ జమ్‌షేద్. లక్షలమంది అమ్మాయిలు పిచ్చెక్కిపోయిన ఆ అందగాడు 2000 తర్వాత పాటలు వదిలేసి తబ్లీగీ బాట పట్టాడు. గడ్డం పెంచాడు. గిటార్ల మధ్య పాడిన గొంతుతో నాత్‌లు చదివాడు. ఆ ఖబర్ విన్నప్పుడు అభిమానిగా నాకు కోపం వచ్చింది, ఎవడో నా వస్తువు లాక్కున్నట్టు.

2016 డిసెంబర్ 7న నేను హైదరాబాద్‌లో డెస్క్ మీద ఉన్నా. రెండు రోజుల కిందటే జయలలిత పోయారు, పేజీలన్నీ చెన్నై వార్తలే. సాయంత్రం ఏజెన్సీ కాపీ వచ్చింది. చిత్రాల్ నుంచి ఇస్లామాబాద్ వెళ్తున్న విమానం హవేలియన్ దగ్గర కూలింది. 47 మంది, ఒక్కరూ మిగల్లేదు. అందులో జునైద్, ఆయన భార్య. నేను సింగిల్ కాలమ్ రాశా. ఇన్‌ఛార్జి అడిగాడు, "హెడ్డింగ్‌లో ఏం పెడదాం? గాయకుడా, మతప్రచారకుడా?"

చాలాసేపు కూర్చున్నా. ఆయన తను మౌలానా దారి ఎంచుకున్నానన్నాడు. జనం గుండెల్లో మాత్రం గాయకుడే. చివరికి "జునైద్ జమ్‌షేద్ మృతి" అని పేరు ఒక్కటే పెట్టా. ఆ రాత్రి ఆయన మీద నా కోపం పోయింది. నా ఇష్టమైన బ్యాండ్లు పదేళ్లకోసారి మారాయి. ఒకప్పుడు చప్పుడు, తర్వాత షాయిరీ, తర్వాత ఖవ్వాలీ. వినేవాడికి మారే హఖ్ ఉన్నప్పుడు పాడేవాడికి ఉండదా?

మూసిన రస్తా

మళ్లీ మా బిడ్డ ప్రశ్నకి వస్తా. 2016 సెప్టెంబర్‌లో ఉరీ దాడి తర్వాత ముంబై నిర్మాతల సంఘం పాకిస్తానీ కళాకారులు వద్దంది. 2019 పుల్వామా తర్వాత ఇంకొంచెం బిగించారు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని చంపేశారు. పేరడిగి, మతం అడిగి కాల్చారు. వాళ్లని కాపాడబోయి ప్రాణం ఇచ్చిన గుర్రాలవాడు కశ్మీరీ ముస్లిం. ఆ రక్తం ముందు నా పాటల బాధ ఎంత? ఏమీ కాదు. ఆ మాట ముందు చెప్పి తర్వాతే మిగతాది చెప్పాలి. మే 8న కేంద్రం పాకిస్తాన్‌లో తయారైన సినిమాలు, సిరీస్‌లు, పాటలు తీసేయమని ఆన్‌లైన్ సంస్థలకి సూచన ఇచ్చింది. కొన్నాళ్లకి నా ఫోన్‌లో పేర్లు బూడిదయ్యాయి.

నేను జర్నలిస్టుని, సర్కారు సూచన అర్థం తెలుసు. అయితే ఇంకోటి కూడా తెలుసు. 1998లో బాంబుల్ని తప్పుపట్టినందుకు అటువైపు హుకూమత్ ఏ బ్యాండ్ నోరు నొక్కిందో, ఆ బ్యాండ్ పాటలకే ఇప్పుడు ఇటువైపు కూడా చోటు లేకుండా పోతోంది. మే 2008లో శ్రీనగర్ దాల్ సరస్సు ఒడ్డున పాడినవాళ్లు వాళ్లు. మన పిల్లలకి వాళ్ల పేరు కూడా తెలియకుండా పోతుంది. ఇంతకీ ఫోన్‌లో ఉన్నవేవీ నావి కావని అప్పుడే తెలిసింది. నెలనెలా కిరాయి కట్టి ఉంటున్నా, అంతే. ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలి.

పోయిన ఆదివారం ట్రంకు పెట్టె తీశా. అడుగున 'ఆజాదీ' క్యాసెట్ ఉంది. అబ్బా టేప్ రికార్డర్ కూడా ఉంది, లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది. అబ్బా పనిముట్ల డబ్బా తెరిచా. పట్టకారు, స్క్రూడ్రైవర్లు, ఆయన భూతద్దం. కోఠీలో తిరిగి తిరిగి బెల్టు సంపాదించి వేశా. క్యాసెట్‌లో రీలు ఒదులైంది. పెన్సిల్ తీసుకుని పంటి చక్రంలో పెట్టి తిప్పుతుంటే మా బిడ్డ నోరెళ్లబెట్టి చూసింది. "నన్ను తిప్పనీ" అని లాక్కుని తనే తిప్పింది.

మీట నొక్కా. గొంతు కొంచెం బరువుగా, నెమ్మదిగా వచ్చింది. బెల్టు సరిగ్గా కుదరలేదు. తబలా మాత్రం స్పష్టంగా ఉంది.

"ఇది ఎవరిది పప్పా?" అంది.

"నాది" అన్నా. 1999లో క్లాసులో చెప్పాల్సిన మాట.

దోస్తులారా, మీ ఇళ్లలో పాత క్యాసెట్లు ఉంటే, ఏ భాషవైనా సరే, పారెయ్యకండి. బెల్టులు కోఠీలో ఇంకా దొరుకుతున్నాయి. ఖుదా హాఫిజ్.